‘ఏం చూశావు?’ గడి

బడి, స్టాఫ్ రూము, కిటికీ పక్క బల్ల
జూన్ 18

అక్కా,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్‌లో నువ్వు నన్ను ఒక్క మాట కూడా పూర్తి చెయ్యనివ్వవు. నువ్వు "అది కాదే" అంటావు, నేను గొంతు పెంచుతాను, ఇద్దరిలో ఎవరో ఒకరం పెట్టేస్తాం, తర్వాత ఇద్దరం విడివిడిగా అమ్మకి ఫోన్ చేసి ఆవిడ ప్రాణం తీస్తాం. ఉత్తరంలో అయితే నువ్వు మధ్యలో దూరలేవు. చివరిదాకా చదవాల్సిందే.

మీ ఆఫీసు నుంచి కొత్త ‘చేసి చూద్దాం’ పుస్తకాలు నిన్న వచ్చాయి. మా ఐదో తరగతికి ముప్ఫై ఒకటి. కట్ట విప్పి, పిల్లలకంటే ముందు నేనే ఒకటి తీసుకుని కూర్చున్నాను. మా అక్క రాసిన పుస్తకం అని ఎవరికీ చెప్పుకోకపోయినా లోపల గర్వం ఉంటుంది కదా. నాలుగో పేజీ తిప్పేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

పాత పుస్తకంలో ప్రతి ప్రయోగం కిందా ఒక గడి ఉండేది. ‘ఏం చూశావు?’ అని పైన ప్రశ్న, కింద నాలుగు ఖాళీ గీతలు. పుస్తకం మొత్తంలో నాకు ప్రాణం ఆ నాలుగు గీతలే. వాటిమీద పిల్లలు ఏమేం రాసేవాళ్లో నీకు చదివి వినిపించేదాన్ని, ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. అయస్కాంతం ప్రయోగం కింద పోయినేడు ఒకడు "మా టీచర్ గాజుకి అంటుకోలేదు. పిన్నుకి అంటుకుంది. పిన్నే మంచిది" అని రాశాడు. అది సైన్సు కాదంటావా?

కొత్త పుస్తకంలో ఆ గీతలు లేవు. వాటి చోట జవాబు అచ్చేసి ఉంది. పిల్లలు ఏం చూస్తారో ముందే ముద్రించి పంపారు. చిక్కుడు గింజ ప్రయోగం కింద ఏముందో నువ్వు ఎరుగుదువా? "విత్తనం మొలకెత్తడం చూశాను. చాలా ఆనందించాను." ఆనందించడం కూడా మీ ఆఫీసు వాళ్లే ఆనందించేశారు. మా దగ్గర ఇంకా గింజ నానబెట్టనే లేదు.

మొలకెత్తకపోతే ఏం చెయ్యాలి? పోయినేడు మా తరగతిలో ఎనిమిది గింజలు కుళ్లిపోయాయి. ఆ కంపు పట్టుకుని పిల్లలు వారం రోజులు కొట్టుకున్నారు, నీళ్లు ఎక్కువయ్యాయని ఒకళ్లు, దూది మురికిదని ఒకళ్లు. అంత చదువు నేను నెల రోజులు గొంతు చించుకున్నా చెప్పలేను. ఇప్పుడు కుళ్లిన గింజ చేతిలో పట్టుకుని "మొలకెత్తడం చూశాను, చాలా ఆనందించాను" అని చదవాలా?

ఈ పని ఎవరు చేశారో కనుక్కుని రాయి. వాళ్లని నాలుగు దులపాలి. నువ్వు చేసి ఉండవు, అది మాత్రం నాకు తెలుసు.

నీ చెల్లి


పాఠ్యపుస్తకాల ఆఫీసు, రెండో అంతస్తు
జూన్ 27

చెల్లీ,

నీ ఉత్తరం ఆఫీసులోనే విప్పాను. చదువుతుంటే నీ గొంతు వినబడింది. పక్క బల్లాయనకి కూడా వినబడుతుందేమో అనిపించి మడిచి సంచిలో పెట్టేశాను. మిగతాది బస్సులో చదివాను.

నువ్వనుకున్నంత ఘోరం ఏమీ జరగలేదే. ఆ జవాబుల పైన ‘మాదిరి’ అనే మాట ఉండాలి. టీచర్లకి ఒక నమూనాగా ఉంటుందని పెట్టినవి అవి. పేజీలు కూర్చే అబ్బాయి దగ్గర ఆ ఒక్క మాట జారిపోయింది, దాంతో అర్థమంతా తలకిందులైంది. అచ్చు పనిలో ఇలాంటివి మామూలే. అందరికీ బాధగానే ఉంది, కాని లక్షల పుస్తకాలు బయటికి వెళ్లిపోయాక ఏం చెయ్యగలం?

నీకు ఒక ఉపాయం చెబుతాను. ఆ గడుల మీద తెల్లకాగితం ముక్కలు అతికించు. పిల్లలు వాటిమీద రాసుకుంటారు. జిగురు పూయడమంటే వాళ్లకి ఎలాగూ పండగే.

మీ బావ నిన్ను అడిగానన్నారు. కోపం తగ్గించుకో. నీకు ముక్కు మీద కోపం ఉన్న మాట నిజమే గాని, ఇన్‌స్పెక్టర్ల ముందు, మీ పెద్ద మేడమ్ ముందు ఆ ముక్కు కాస్త దాచుకో.

అక్క


బడి, ఐదో తరగతి గది, మధ్యాహ్నం గంట తర్వాత
జూలై 22

అక్కా,

‘మాదిరి’ అనే మాట పడిపోయిందని తెలిశాక నా మంట సగం చల్లారింది. పేజీలు కూర్చే ఆ అబ్బాయిని మనసులో తిట్టుకున్నాను, వదిలేశాను. మా స్టాఫ్ రూములో కూడా అందరికీ చెప్పాను, ఇది అచ్చుతప్పు, మా అక్కే స్వయంగా ఉత్తరంలో చెప్పింది అని.

నీ ఉపాయం బ్రహ్మాండంగా పనిచేసింది. పాత కేలండర్ల వెనక తెలుపు కత్తిరించి, నలభై రెండు గడుల మీదా అతికించుకున్నాం. పిల్లల వేళ్లు, జుట్టు, బల్లలు అన్నీ జిగురే. కొందరు వెధవలు ఆ పేజీని కిటికీ వెలుతురుకి పట్టి కింద అచ్చేసింది చదివేస్తున్నారు, అది వేరే సంగతి. చదివిన వాడు "టీచర్, నేను చాలా ఆనందించానట" అని అరిచాడు, గది గదంతా పడీ పడీ నవ్వింది.

ఇక అసలు విషయం. మొన్న కొవ్వొత్తి ప్రయోగం చేశాం. పళ్లెంలో రంగునీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి, వెలిగించి, దానిమీద గాజు గ్లాసు బోర్లించాలి. మంట ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. అగ్గిపుల్ల నేనే గీశాను, మిగతాదంతా వాళ్లే చేశారు. నీ పుస్తకం ఏమంటోందంటే, గాలిలో ఐదో వంతు ఆక్సిజన్, మంట దాన్ని తినేస్తుంది, ఆ ఖాళీలోకి నీళ్లు ఐదో వంతు ఎక్కుతాయి అని.

మా తరగతిలో ఒక పిల్ల ఉంది. అందరూ డౌటమ్మ అంటారు. రెండో బల్ల, ఎప్పుడూ చెప్పు ఒకటి విప్పి కాలు మడుచుకుని కూర్చుంటుంది. ప్రతిదానికీ చెయ్యి ఎత్తుతుంది, ఆ చెయ్యి దించడానికి నాకు రోజూ పది నిమిషాలు పడుతుంది. ఆ పిల్ల తన కాగితం మీద ఏం రాసిందో అక్షరం పొల్లు పోకుండా ఇస్తున్నాను:

"గ్లాసు పెట్టగానే అంచు కింద నుంచి బుడగలు బయటికి వచ్చాయి. మంట ఉన్నప్పుడు నీళ్లు ఎక్కలేదు. ఆరిపోయాక ఒకేసారి ఎక్కాయి. రెండు కొవ్వొత్తులు పెడితే ఇంకా ఎక్కువ ఎక్కాయి. గ్లాసు ఒకటే. గాలి కూడా అంతే. మరి ఎక్కువ ఎందుకు ఎక్కాయి?"

రెండో కొవ్వొత్తి పెట్టమని ఎవరూ చెప్పలేదు అక్కా. తనంతట తనే పెట్టింది. నేను ఆ నాలుగు గీతల కోసం ఇన్నేళ్లు ఎందుకు పోట్లాడానో ఆ కాగితం చూశాక నాకే తెలిసింది. మంట గాలిని తింటే తినే కొద్దీ నీళ్లు మెల్లగా ఎక్కాలి కదా, ఆరాక ఎందుకు ఎక్కాయి? ఐదో వంతు అనే లెక్క నీకు ఎక్కడ దొరికింది? ఆ పిల్లకి జవాబు చెప్పాలి, తొందరగా రాయి.

వచ్చే వారం ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. మా పెద్ద మేడమ్ ఇప్పటినుంచే గోడలు తుడిపిస్తోంది.

నీ చెల్లి


ఆఫీసు
జూలై 29

చెల్లీ,

పనిలో ఊపిరాడటం లేదు, అందుకే నాలుగు ముక్కలు.

ఐదో వంతు అనేది అన్ని పుస్తకాల్లోనూ ఉన్నదే. మనం కూడా అలాగే చదువుకున్నాం. పళ్లెంలో నీళ్లు ఎక్కువో తక్కువో పోసి ఉంటారు, గ్లాసు సరిగ్గా బోర్లించి ఉండరు. చిన్నపిల్లల చేతులు కదా. ఆ పిల్ల తెలివైనదే, కాదనను. కాని ఇన్‌స్పెక్టరు వచ్చే ముందు దీన్ని పెద్దది చెయ్యకు. పైతరగతుల్లో అన్నీ వాళ్లకే తెలుస్తాయి.

ఆరోగ్యం జాగ్రత్త.

అక్క


బడి
ఆగస్టు 30

పాఠ్యపుస్తక రచయిత్రి గారికి,

నమస్కారం. మీరు నన్ను ఎరుగుదురో ఎరగరో. నేను ఐదో తరగతి టీచరుని. మీ వంట నేను తింటూ, నా జడ మీరు వేస్తూ, పన్నెండేళ్లు ఒకే గదిలో పడుకుని పెరిగాం. అయినా మీరెవరో నాకు మొన్ననే తెలిసింది.

ముందు ఇన్‌స్పెక్టరు సంగతి. వచ్చాడు, పుస్తకాలు తిరగేశాడు. "ముద్రణ ఎంత శుభ్రంగా ఉందండీ, పిల్లలు ఒక్క మరక పడనివ్వలేదు" అని మెచ్చుకుని, టీ తాగి వెళ్లాడు. ఆ రోజు నుంచి డౌటమ్మ సైన్సు గంటలో నోరు విప్పడం లేదు. చెయ్యి ఎత్తదు. ప్రయోగం చేయిస్తే చేస్తుంది, కాగితం మాత్రం ఖాళీగా ఇస్తుంది. "ఏమ్మా, ఏం చూశావు?" అని అడిగితే "పుస్తకంలో ఉంది కదా టీచర్" అంటుంది. పదేళ్ల పిల్ల చేత ఆ మాట అనిపించింది మీ పుస్తకం.

ఇక రెండోది. పోయిన వారం మాకు శిక్షణ తరగతులు పెట్టారు. మీ ఆఫీసు నుంచి ఒక కళ్లజోడాయన వచ్చి ‘పుస్తకం ఎలా పుడుతుంది’ అని తెర మీద బొమ్మలు వేశాడు. అందులో కొవ్వొత్తి పేజీ రాతప్రతి ఒకటి. గడిలో నీలం సిరాతో జవాబు. ఆ చేతిరాత ఎవరిదో నాకు ఒకరు చెప్పాలా? ‘త’ కింద ఆ తోక పెట్టడం మన ఇంట్లో మీ ఒక్కరికే అలవాటు. ఆ పేజీలో ‘మాదిరి’ అనే మాట ఎక్కడా లేదు. కొట్టివేత కూడా లేదు.

చెయ్యెత్తి అడిగాను, ఇక్కడ ‘మాదిరి’ అని ఉండాలి కదండీ అని. ఆయన నవ్వి, "లేదమ్మా, మా మేడమే గడులన్నీ స్వయంగా నింపారు, ఎంతో శ్రద్ధగా" అన్నాడు. నూటయాభై మంది టీచర్లు నా వైపు తిరిగారు. అందులో మా స్టాఫ్ రూము వాళ్లు ఆరుగురు. వాళ్లందరికీ అచ్చుతప్పని డప్పు కొట్టింది నేనే.

చేసిందీ మీరే, పేజీలు కూర్చే అబ్బాయి నెత్తిన రుద్దిందీ మీరే. నాకు అబద్ధం చెప్పినందుకు కాదు నా బాధ. చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉన్నారు, అలవాటైపోయింది. కొవ్వొత్తి గురించి అడిగితే నీళ్లు నమిలారు చూశారూ, ఒళ్లు మండింది అక్కడే. అసలు మీరు ఆ ప్రయోగం ఎప్పుడైనా చేశారా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

ఇట్లు,
ఐదో తరగతి టీచరు


ఆఫీసు, మెట్ల కింద బెంచీ
సెప్టెంబరు 9

ఐదో తరగతి టీచరుగారికి,

మీరు అంటే మీరు. నాకూ వచ్చు.

అవును, నా రాతే. ‘మాదిరి’ అనే మాట నీ మొదటి ఉత్తరం చదివాక బస్సులో పుట్టించాను. "నువ్వు చేసి ఉండవు" అని చివర ఒక ముక్క రాశావు చూడు, అది చదివాక నిజం చెప్పడానికి నాకు చెయ్యి రాలేదు.

కాని నువ్వు కూడా ఒకటి విను. నీ తరగతిలో గీతలు ఎలా నిండేవో నాకు తెలుసు. మిగతా బడుల్లో ఎలా నిండేవో నీకు తెలుసా? నాలుగు వందల పాత పుస్తకాలు తెప్పించి చూశాను. సగం పుస్తకాల్లో గీతలు ఖాళీ. మిగతా సగంలో టీచరు బోర్డు మీద రాసింది తరగతి తరగతంతా ఎక్కించుకుంది. అందులో ‘అయస్కాంతం చెక్కను ఆకర్షించును’ అని కూడా ఉంది, దానికి ఎర్ర సిరాతో రైటు కూడా ఉంది. కమిటీ పెద్దాయన ఆ పుస్తకాలన్నీ నా బల్ల మీద పడేసి, "ఎలాగూ ఎక్కించుకునేదే అయితే సరైనదే ఎక్కించుకోనివ్వండమ్మా" అన్నాడు. నీ బడిలాంటి బడి ఒకటుందని చెబితే, ఒక బడి కోసం పుస్తకం వెయ్యలేం అన్నాడు. రెండు రోజుల్లో నలభై రెండు గడులు నింపాను. ఆనందించాను అని రాసినప్పుడు నాకు ఏడుపు వచ్చింది. నవ్వాలంటే నవ్వు.

కొవ్వొత్తి ప్రయోగం నేను ఎప్పుడూ చెయ్యలేదు. మన సైన్సు మాస్టారు బీరువా తాళం తియ్యకుండానే చెప్పి రాయించారు. నేను కంఠతా పట్టి బడికే మొదటి మార్కు తెచ్చుకున్నాను. నీకు మూడు మార్కులు తగ్గి ఇంట్లో పింగాణీ గిన్నె పగలగొట్టావు. ఆ నోట్సులోదే ఐదో వంతు.

ఇప్పుడు నా వంతు అడగడం. ఇన్‌స్పెక్టరు ముద్రణ శుభ్రంగా ఉందని మెచ్చుకున్నాడని రాశావు. నలభై రెండు గడుల మీద కేలండరు కాగితాలు అతికించిన పుస్తకంలో ఆయనకి ముద్రణ ఎలా కనిపించింది? ఆ కాగితాలు ఏమయ్యాయి? ఆ పిల్ల మాట్లాడటం మానేసింది నా పుస్తకం చూశా, ఇంకెవరినైనా చూశా? గుండె మీద చెయ్యి ఏదో అన్నావు కదా, నువ్వు కూడా వేసుకో.

అక్క


ఇల్లు
సెప్టెంబరు 17

అక్కా,

నీ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. నాలుగు రోజులు సంచిలో మోశాను.

నేనే పీకించాను. ఇన్‌స్పెక్టరు వచ్చే ముందురోజు పెద్ద మేడమ్ తరగతికి వచ్చి, "ప్రభుత్వ పుస్తకం మీద కాగితాలేంటమ్మా, మెమో వస్తే నీకే కాదు, నాకూ వస్తుంది" అంది. ఆవిడ అరవలేదు కూడా. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. నెమ్మదిగా, పాపం, భయపడుతూ అడిగింది. నేను పిల్లలతో "అందరూ కాగితాలు తీసెయ్యండి" అన్నాను. ముప్ఫై మంది ఆటలాగా పీకేశారు.

డౌటమ్మది రాలేదు. ఆ కొవ్వొత్తి కాగితానికి ఎంత జిగురు పూసిందో ఏమో. నేను తడిగుడ్డ తెచ్చి, నానబెట్టి, గోటితో గీకి, నా చేత్తో నేనే ముక్కలు ముక్కలుగా తీశాను. ఆ పిల్ల పక్కనే నిలబడి చూసింది. ఏడవలేదు. కింద అచ్చేసిన మాటలు బయటపడ్డాక వాటిని చదివి, "అయితే నేను చూసిందేంటి టీచర్?" అంది.

"తర్వాత చెబుతాను" అన్నాను. ఆ తర్వాత నేను చెప్పలేదు, ఆ పిల్ల అడగలేదు.

నీ మీద పడి ఇన్ని ఉత్తరాలు అరిచింది ఇందుకే. నువ్వు రాసింది తప్పని తెలియక రాశావు. ఆ పిల్ల రాసింది ఒప్పని తెలిసి నేను పీకాను. పదిహేడేళ్లుగా పిల్లలకి ‘చూసిందే రాయండి’ అని బోర్డు మీద రాసే మనిషిని. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మెమో రాలేదు. వచ్చినా బాగుండేది.

చెల్లి


ఇల్లు, వంటగది బల్ల, ఆదివారం పొద్దున
అక్టోబరు 5

చెల్లీ,

పోయిన ఆదివారం ఈ బల్ల మీదే చేశాను. యాభై రెండేళ్ల వయసులో, నేను రాసిన ఐదో తరగతి పుస్తకం మీ బడికి చేరిన మూడు నెలలకి.

మొదటిసారి గ్లాసు చిన్నదై వత్తికి తగిలింది. రెండోసారి మీ బావ "కరెంటు ఉంది కదా, కొవ్వొత్తి ఎందుకు" అని వచ్చి బల్ల కదిపారు. ఆయన్ని బయటికి పంపి తలుపు వేసుకున్నాను. మూడోసారి కుదిరింది. బుడగలు వచ్చాయి. అచ్చం ఆ పిల్ల చెప్పినట్టే. మంట ఆరింది, నీళ్లు చప్పున ఎక్కాయి. ఐదో వంతు కాదు, వేలెడు కూడా లేదు. మూడు కొవ్వొత్తులు పెడితే దానికి రెట్టింపు. ఇందులో ఆక్సిజన్ లెక్కేమీ లేదు. మంట వేడికి గ్లాసులో గాలి ఉబ్బి కొంత బయటికి పోతుంది, అవే బుడగలు. మంట పోయాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బయటి గాలి నీళ్లని లోపలికి నెడుతుంది. కొవ్వొత్తులు ఎక్కువైతే వేడి ఎక్కువ, నీళ్లు ఎక్కువ. ఆ పిల్ల ప్రశ్నలోనే జవాబు ఉంది. నేను నిలబడి పళ్లెం వైపు చూస్తూ ఉండిపోయాను. నా మొదటి మార్కు, నా ఉద్యోగం, నలభై రెండు గడులు, అన్నీ తాళం తియ్యని బీరువాలోంచి వచ్చినవే.

మర్నాడు సోమవారం కమిటీలో చెప్పాను, పుస్తకం తప్పు, గడుల్లో జవాబులు తీసెయ్యాలి, దిద్దుబాటు పంపాలి అని. పెద్దాయన "తప్పకుండా, వచ్చే ముద్రణలో" అన్నాడు. వచ్చే ముద్రణ మూడేళ్ల తర్వాత. మూడేళ్లు ఐదో తరగతి పిల్లలందరూ చూడనిది చూశామని చదువుతారు. జీవితంలో మొదటిసారి కమిటీ బల్ల మీద చెయ్యి చరిచాను. నీళ్ల గ్లాసు ఒలికింది. మంగళవారం నన్ను దస్త్రాల గదికి మార్చారు. అక్కడ ప్రశాంతంగా ఉంది, నీకు ఉత్తరం రాసుకోవచ్చు.

ఈ కవరులో ముప్ఫై ఒక్క చీటీలు ఉన్నాయి. ఆఫీసుకి చెప్పకుండా నా చేత్తో రాసి, కింద సంతకం పెట్టాను. "ఈ పేజీలో నేను రాసింది తప్పు. మంట ఆరేవరకు నీళ్లు కదలవు, ఆరాకే ఎక్కుతాయి. ఇది ముందుగా చూసింది మీ తరగతిలోని అమ్మాయి" అని. ఆ గడి మీద అతికించండి. ఆ పిల్లకి ముందుగా ఇవ్వు. నేను క్షమాపణ అడిగానని చెప్పు.

అక్క


బడి, ఐదో తరగతి గది
అక్టోబరు 16

అక్కా,

చీటీలు అందాయి. పెద్ద మేడమ్‌కి చూపించి, "అతికిస్తున్నాను, మెమో వస్తే నా పేరు రాయండి" అని చెప్పాను. ఆవిడ చీటీ రెండుసార్లు చదివి, "నాకు ఒకటి ఇవ్వమ్మా" అంది.

తరగతిలో ముందు నా సంగతి చెప్పాను. కాగితాలు పీకించడం నా తప్పు, భయపడి చేశాను అని ముప్ఫై ఒక్కమంది ముందూ అన్నాను. టీచర్లు కూడా భయపడతారా అని ఎవడో అడిగాడు. భయపడతారని చెప్పాను. తర్వాత నీ చీటీ డౌటమ్మ చేతిలో పెట్టి, నువ్వు క్షమాపణ అడిగావని చెప్పాను. చదివింది. నేను అక్కడే నిలబడ్డాను, ఆ పిల్ల మొహం వెలుగుతుందేమో, ఏడుస్తుందేమో, ఏదో ఒకటి జరుగుతుందని. ఏమీ జరగలేదు. చీటీ బల్ల మీద పెట్టి, "పుస్తకం రాసినావిడ ఇప్పుడు ఇలా అంటున్నారు, అంతే కదా టీచర్?" అంది.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. నీకు కూడా తగలాలనే రాస్తున్నాను.

ఆ పిల్ల లేచి వెళ్లి పళ్లెం, గ్లాసు తెచ్చుకుంది. రెండున్నర నెలల తర్వాత మొదటిసారి తనంతట తను లేచింది. నేను అగ్గిపుల్ల గీశాను, అంతే. బల్ల మీద గడ్డం ఆనించి, కన్ను గ్లాసుకి ఆనించినంత దగ్గరగా పెట్టి చూసింది. ఒకసారి కాదు, మూడుసార్లు. చుట్టూ మూగిన వాళ్లని మోచేత్తో నెట్టేసింది. గంట కొట్టారు, ఎవరూ కదల్లేదు.

మూడోసారి అయ్యాక నా దగ్గరికి వచ్చి, "ఈసారి పీకరు కదా?" అంది.

పీకనన్నాను. నమ్మలేదు. నమ్మాలని నేను కూడా అనను. "అయితే పెన్ను ఇవ్వండి" అంది. మా బడిలో ఐదో తరగతి దాకా పెన్సిలే, పెన్ను ముట్టుకుంటే ఊరుకోరు. నా పెన్ను ఇచ్చాను. నీ చీటీ అతికించలేదు, కాగితమూ అడగలేదు. అచ్చేసిన నీ వాక్యం మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. చీటీలో నీ వాక్యం మీద ఇంకొకటి కొట్టింది. పేజీ అంచున ఉన్న తెల్లటి జాగాలో, పుస్తకాన్ని తిప్పుకుంటూ చుట్టూ రాసింది. ఆ పిల్ల రాసింది రాసినట్టు ఇది:

"మంట ఆరేవరకు నీళ్లు కదలవు అన్నది తప్పు. ముందు నేను కూడా అలాగే రాశాను. అదీ తప్పే. మంట చిన్నది అవుతున్నప్పుడే, ఆరకముందే, కొంచెం కదిలాయి. ఆరాక మిగతావి ఎక్కాయి. మూడుసార్లు చూశాను."

ఆ పిల్ల వెళ్లాక తలుపు వేసుకుని నేను కూడా చేశాను. నిజమే, ఆరకముందే కదులుతాయి. నువ్వు వంటగదిలో పళ్లెం ముందు నిలబడి చూసింది నీళ్లని కాదు అక్కా. నా ఉత్తరంలో చదివినదాన్నే చూశావు. నేనూ అంతే. నీ మీద కోపం పోలేదు, నా మీద కూడా పోలేదు. పోతే మళ్లీ ఇదే చేస్తామేమో ఇద్దరం.

పెద్ద మేడమ్‌కి ఇచ్చింది పోను, మిగతా ఇరవై తొమ్మిది చీటీలు తిప్పి పంపుతున్నాను. పిల్లలెవరూ అతికించుకోం అన్నారు, తామే చూస్తారట, రేపటికి కొవ్వొత్తులు కావాలన్నారు. నీకు చెప్పమని డౌటమ్మ ఒక మాట చెప్పింది. మళ్లీ చెయ్యమంది, ఈసారి గ్లాసు పక్క నుంచి చూడమంది.

చెల్లి